అట్టముక్క అడ్డం పెట్టిన పిల్ల

బస్టాండు పక్క కళ్ళజోళ్ళ కొట్లో ఉండే కరీమున్ అట్టముక్క అడ్డం పెడితే కన్ను పోతుందని ప్రత్తిపాడులో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ పిల్ల పున్నమ్మ కంటికి నల్లట్ట పెట్టిందట, పెట్టీ పెట్టగానే పున్నమ్మకి లోకం చీకటైపోయిందట. పైగా "నీ చూపు పోతోంది" అని నోరు తెరిచి అన్నదట. అన్నది అన్నట్టే అయ్యింది. నల్లనాలుక అన్నారు కొందరు. నాలుక కాదు, చెయ్యే మంచిది కాదన్నారు ఇంకొందరు. మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు ఈ మాటని ఒక పంట నుంచి ఇంకో పంటకి విత్తనం దాచినట్టు దాచి, కొత్తగా ముఠాలో చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాళ్ళు.

కరీమున్ ఎవరినీ ఒక మాట అనే పిల్ల కాదు. అసలు మాట్లాడే పిల్లే కాదు. తొమ్మిదో తరగతిలో టైఫాయిడ్ పట్టుకుని వదల్లేదు. తగ్గి లేచేసరికి పరీక్షలు అయిపోయాయి. తన వెనక తరగతి పిల్లల పక్కన మళ్ళీ అదే బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడింది. కూర్చోవాల్సిందేనని గట్టిగా చెప్పినవాళ్ళు కూడా లేరు. ఇంట్లో వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉండిపోయింది.

ఆమె మేనమామ గౌస్ బాషా గుంటూరులో పెద్ద కళ్ళజోళ్ళ షాపులో ఏళ్ళ తరబడి అద్దాలు అరగదీసిన మనిషి. తొంభై ఎనిమిదిలో సొంత ఊరికి వచ్చి చిన్న కొట్టు పెట్టుకున్నాడు. అద్దాల బీరువా తుడవడానికి ఎవరైనా ఉంటే బాగుండునని అక్కతో అంటే, అక్క కరీమున్‌ని పంపింది.

తుడవడానికి వెళ్ళిన పిల్ల చూడటం మొదలుపెట్టింది. మామ ఫ్రేముని వేడి ఇసుకలో ఎంతసేపు ఉంచుతాడో, అద్దం ఏ అంచు నుంచి దూరుస్తాడో, జోడు పెట్టుకున్న మనిషి మొహాన్ని ముందు నుంచి కాక పక్కనుంచి ఎందుకు చూస్తాడో, అన్నీ గుడ్డ చేతిలో పట్టుకునే చూసింది. ఆమె చూస్తోందని గౌస్ బాషా కనిపెట్టాడు. ఒకరోజు ఒక అద్దం చేతికిచ్చాడు.

"ఇందులోంచి ఆ తలుపు చట్రం చూడమ్మా. చూస్తూ అద్దాన్ని మెల్లగా పక్కకి జరుపు. చట్రం ఎటు పోయింది?"

"అద్దంతో పాటే పోయింది మామూ."

"అయితే అది దూరం కనపడని వాళ్ళది. మైనస్. ఇప్పుడు ఇది చూడు."

"ఎదురొస్తోంది."

"అది చత్వారానిది. ప్లస్. ఇంకోటి ఉంది. దీన్ని జరపొద్దు, బండి చక్రంలా తిప్పు."

తిప్పింది. నిటారుగా ఉన్న చట్రం గాలికి ఊగిన గడకర్రలా వాలింది.

"అది సిలిండరు. బిగించేటప్పుడు రవ్వంత తిరిగినా, పెట్టుకున్న మనిషికి చదునైన నేల వాలుగా కనపడిద్ది. మన చెయ్యి తప్పితే వాళ్ళ కాలు తప్పిద్ది. గుర్తుపెట్టుకో."

అన్నిటికంటే కష్టమైంది కొలత. ముక్కు మీద చిన్న స్కేలు ఆనించి, ఒక కనుపాప నడుమ నుంచి రెండో కనుపాప నడుమకి ఎంత ఉందో చూడాలి. అద్దం నడిబొడ్డు సరిగ్గా కనుపాప ఎదురుగా రాకపోతే ఎంత మంచి అద్దమైనా తలనొప్పే. స్కేలు చదవడం ఆమెకి తేలికే. ఎదుటి మనిషి కళ్ళలోకి సూటిగా చూడాలి, అదే కష్టం. తలెత్తి ఎవరి మొహమూ చూడని పిల్ల, ఊళ్ళో వాళ్ళందరి కళ్ళూ చూడటం అలా నేర్చుకుంది. మొహం చూడకుండా కళ్ళు మాత్రమే చూస్తే సిగ్గు తక్కువని కొన్నాళ్ళకి తెలిసింది.

గౌస్ బాషా ఇంకో సంగతి కూడా నేర్పాడు. నల్లట్ట ముక్కకి సూదితో బెజ్జం పొడిచి, దాన్నే గుంటూరు నుంచి తెచ్చిన సామానులా భద్రంగా పెట్టుకునేవాడు.

"మసకగా ఉందన్నవాళ్ళని ఈ బెజ్జంలోంచి చూడమను. గుర్తులు తేటపడితే ఆ చూపుని అద్దంతో దిద్దొచ్చు. తేటపడలేదా, తప్పు కంటి లోపల ఉందన్నమాట. అది మన పని కాదు. పెద్దాసుపత్రికి పంపాలి. రోగం పేరు మాత్రం మనం నోటితో అనకూడదు. మనం డాక్టర్లం కాదు."

"పోకపోతే?"

"పొయ్యేటట్టు చెప్పాలి," అన్నాడాయన. ఎలా చెప్పాలో చెప్పలేదు.

రెండువేల ఒకటిలో మిరప కోతలు ముగిసి కల్లాలు ఎర్రబారిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు కొట్టుకి వచ్చారు. గౌస్ బాషా అద్దాల కోసం గుంటూరు వెళ్ళాడు. కరీమున్ ఒక్కతే ఉంది. ముందు వచ్చింది దేవకుమారి, తొడిమలు తీసే ముఠాకి మేస్త్రి. గట్టి గొంతు, గట్టి నడుము. వెనక వచ్చింది పున్నమ్మ. యాభై దాటిన మనిషి. గడప దాటుతూ ఎడమ భుజాన్ని తలుపుకి గుద్దుకుంది. రెండు చేతులు బార్లా చాపినంత వెడల్పున్న గుమ్మం అది.

"ఏం పిల్లా, మీ మామ లేడా? ఈమెకి చత్వారం జోడు కావాల," అంది దేవకుమారి. "మంచి కాయల్లో తాలు కలుపుతోంది. తెల్లబడ్డ కాయేదో ఎర్రకాయేదో తెలీట్లా. షావుకారు నా మీద పడుతున్నాడు. జోడు పెట్టుకునైనా రా, లేదంటే ఇంటికాడ కూర్చో అన్నా."

"కూర్చుంటే కూడెవడు పెడతాడే," అంది పున్నమ్మ నవ్వుతూనే. ఆ నవ్వు వెనక ఉన్నది భయమని కరీమున్‌కి కనపడింది. భర్త లేడు, ఉన్న ఒక్క కూతురిదీ కూలి బతుకే. ముఠాలోంచి ఒకసారి పేరు తీస్తే మళ్ళీ పంటదాకా పిలిచేవాళ్ళు ఉండరు.

కరీమున్ ఆమెని బల్ల మీద కూర్చోబెట్టింది. పున్నమ్మ కూర్చునే ముందు బల్లని చేత్తో తడుముకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది వింతేమీ కాదు. కల్లంలో పనిచేసే వాళ్ళందరి కళ్ళూ అలాగే ఉంటాయి. కన్ను మండినా, తల నొప్పెట్టినా, చూపు మసకేసినా అందరూ మిరప ఘాటు మీదికే తోస్తారు. దేవకుమారి నడుము దగ్గర కొంగున కంట్లో వేసుకునే చుక్కలమందు సీసా ఒకటి కట్టి ఉంది. మందులకొట్లో అడిగితే ఇచ్చేది. వేసుకుంటే మంట ఇట్టే తగ్గుతుంది. ముఠాలో అందరికీ అదొక్కటే సీసా, కల్లంలో నీళ్ళ చెంబులాగా.

గోడ మీద చదువురాని వాళ్ళ కోసం ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంలాంటి మూడు కాళ్ళ గుర్తుల పటం ఉంది.

"పిన్నీ, ఆ గుర్తు కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించు."

"దువ్వెనల్లా ఉన్నయ్యే ఇవి! ఇదుగో, పైకి. ఇది ఇటు."

కరీమున్ నల్లట్ట తీసి ఆమె ఎడమకన్ను కప్పింది. కుడికంటితో పున్నమ్మ బాగానే చెప్పింది. ప్లస్ అద్దం పెట్టి దగ్గరి పటం ఇస్తే చిన్న గుర్తులు కూడా చెప్పేసింది. దేవకుమారికి ఊపిరి పీల్చుకున్నట్టయింది. "చూశావా, చత్వారమే. బిగించెయ్ పిల్లా, పోవాల."

కరీమున్ అట్టని కుడికంటి మీదికి మార్చింది.

పున్నమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మొహాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, పోగొట్టుకున్న దాన్ని వెతుక్కున్నట్టు. "పటం తీసేశావా?"

"లేదు పిన్నీ. అక్కడే ఉంది."

"మరి ఏం కనపడట్లేదేం? రెండు కళ్ళూ మూసినట్టున్నావు."

"ఎడమకన్ను తెరిచే ఉంది."

సూదిబెజ్జం అట్ట పెట్టి చూసింది. తేడా లేదు. అట్ట తీసేసి, చూపుడువేలిని ఆమె చెవి పక్క నుంచి నెమ్మదిగా ముందుకు తెచ్చింది, కనపడగానే చెప్పమని. కుడివైపున కూడా వేలు చాలా ముందుకి వచ్చాకే పున్నమ్మ "ఆఁ" అంది. కరీమున్ తన చేతి వైపు చూసుకుంది. గుమ్మం ఎందుకు తగిలిందో అర్థమైంది. కుడికంట్లో నడిమి చూపు నిక్షేపంగా ఉంది, అంచులు తినేసుకుంటూ వస్తోంది. కాబట్టే పున్నమ్మకి తెలియలేదు. తాలు కాయలు కలిసిపోవడం ఒక్కటే చత్వారం వల్ల.

జోడు బిగిస్తే తాలు కనపడుతుంది. పని ఉంటుంది. అందరూ సంతోషంగా వెళ్ళిపోతారు. ఆ కుడికన్ను కూడా ఎడమదాని దారి పట్టేదాకా ఈ మనిషి మళ్ళీ ఈ గుమ్మం ఎక్కదు.

"ఆ చుక్కలు ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నావు పిన్నీ?"

"ఎన్నాళ్ళని చెప్పను? కళ్ళు మండినప్పుడల్లా. ఏటేటా."

కరీమున్ తల వంచుకుని, నేలకి చెప్పినట్టు చెప్పింది. "జోడు ఇవాళ ఇవ్వను. ముందు గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. నీ చూపు పోతోంది పిన్నీ."

దేవకుమారి లేచింది. "ఏమన్నావే? శుభమా అని కొట్టుకొస్తే పోతోందంటావా? వచ్చేటప్పుడు బానే చూసింది గదా. నువ్వా అట్ట ఏదో పెట్టావు, పెట్టగానే చీకటంటోంది. లే పున్నమ్మా. బడి మానేసిన పిల్ల, దీనికేం తెలుసు."

పున్నమ్మ లేచింది. పోతూ పోతూ కుడికన్ను మీద చెయ్యి పెట్టుకుని, వెంటనే తీసేసింది. మళ్ళీ పెట్టడానికి ధైర్యం చాలలేదు.

పొద్దు వాలకముందే మాట కల్లం నుంచి కల్లానికి పాకింది.

గౌస్ బాషా వచ్చాక కరీమున్ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన వేలు ఎక్కడిదాకా వచ్చాక కనపడిందని అడిగాడు. రెండువైపులా చూపించింది. ఆయన ఫ్రేము ఒకటి తీసుకుని తుడిచాడు.

"జోడు ఇవ్వకపోవడం మంచిదే అయింది," అన్నాడు. "కానీ సగం పనే చేశావు. పోతోందన్నావు, పంపలేదు. భయపెట్టి వదిలేస్తే మనిషి ఆసుపత్రికి పోదు, భయపెట్టినవాళ్ళకి దూరంగా పోయిద్ది."

"నువ్వు వెళ్ళి చెప్పు మామూ. నీ మాట వింటారు."

"నేను చూడలేదు. చూసింది నువ్వు. చూడందాన్ని నేనెట్టా చెప్పను?"

కల్లంలో నలభై మంది ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడటమంటే కరీమున్‌కి మళ్ళీ టైఫాయిడ్ రావడమే నయమనిపించింది. కానీ పున్నమ్మ పటం వైపు మొహం తిప్పుతూ వెతుక్కున్న తీరు కళ్ళ ముందు నుంచి పోలేదు. ఒక కన్ను మిగిలి ఉంది. అది కూడా పోతే తాలే కాదు, తలుపు కూడా కనపడదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. గుంటూరు రోడ్డు పక్క కల్లం. దూరానికి నేల మీద ఎర్రచీర ఆరేసినట్టు ఉంది. దగ్గరికి వెళ్ళేసరికి ఘాటు గొంతులో పడి దగ్గొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గోనెపట్టాల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు తలలెత్తారు.

"వచ్చిందిరోయ్ అట్టమ్మ. కళ్ళు మూసుకోండే!"

"ఈసారి ఎవరికి పెడతావే అట్ట?"

"ఏం పిల్లా, ఏడుస్తున్నావా, ఘాటా?"

కరీమున్ నేరుగా వెళ్ళి పున్నమ్మ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. పున్నమ్మ ఒళ్ళో కాయలు, చేతుల నిండా ఎరుపు. మొహం ఎత్తలేదు.

"పిన్నీ, నేను అట్ట తేలేదు. చూడు, నా చేతులు ఖాళీ. నేను దూరంగా ఉంటా. నువ్వే మూసుకో. నీ చేత్తో వద్దు, కారముంది. ముంజేత్తో కుడికన్ను కప్పుకో. నా మీద నమ్మకం లేకపోతే పోనీ, నీ చెయ్యి నీదే కదా."

నవ్వులు ఆగాయి. పున్నమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. ముంజెయ్యి ఎత్తి కుడికంటికి అడ్డం పెట్టుకుంది. ఎండ కల్లమంతా పరుచుకుని ఉంది. ఎదురుగా కొండంత కుప్ప.

"దేవకుమారీ," అంది కాసేపటికి. "ఎక్కడున్నావే?"

"నీ ముందరే ఉన్నా గదే." దేవకుమారి గొంతు ఎప్పటిలా లేదు.

పున్నమ్మ చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. ఆమె పక్కనున్నామె ఊరికే తన ముంజెయ్యి ఎత్తి ఒక కన్ను కప్పుకుని చూసుకుంది. ఆ పక్కామె కూడా. వరస పొడవునా చేతులు లేస్తూ దిగాయి.

"పోయిందా?" అని అడిగింది పున్నమ్మ.

"నాకు తెలీదు పిన్నీ. డాక్టరు చెప్పాలి. రెండోది ఉంది, అది ఉండగానే పోవాలి."

"ఒక్కదాన్నే పోలేను."

"నేనొస్తా."

దేవకుమారి కొంగున సీసా ముడి విప్పి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడింది. పారేయలేదు. "రేపు పొండి," అంది. "దాని చోట్లో నేను కూర్చుంటాలే."

గుంటూరు ఆసుపత్రిలో వరస పొడవుగా ఉంది. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కంటి లోపలి ఒత్తిడి కొలిచింది, లైటు వేసి లోపలికి చూసింది, చుక్కల సీసా తెచ్చారా అని అడిగింది. దేవకుమారి దాన్ని పున్నమ్మ చేతికిచ్చి పంపింది. డాక్టరమ్మ పేరు చదివి పక్కన పెట్టింది.

"ఇది మంట తగ్గించే మందమ్మా. మేం చెప్పినన్ని రోజులే వేయాలి. ఏళ్ళ తరబడి వేసుకుంటే కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు తెచ్చే నరం ఎండిపోతుంది. నీటికాసులంటారు. నొప్పుండదు, అందుకే తెలీదు. ఎడమకంట్లో పోయిన చూపు తిరిగి రాదు. కుడికంట్లో కొంత పోయింది, ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు. ఇది మానేయాలి. నేనిచ్చే చుక్కలు రోజూ వేసుకోవాలి, బాగుందని మానకూడదు."

పున్నమ్మ అన్నీ విన్నది. ఎడమకంటి గురించి ఒక్క మాట అడగలేదు. "తాలు కాయ కనపడిద్దా అమ్మా?" అంది.

"జోడు పెట్టుకుంటే కనపడుతుంది."

తిరుగు బస్సులో పున్నమ్మ కిటికీ పక్క కూర్చోలేదు. కరీమున్‌ని తన ఎడమవైపు కూర్చోబెట్టుకుంది. నల్లపాడు దాటిన తర్వాత, "ఆ పక్క ఏముందో చెప్తా ఉండు," అంది. కరీమున్ ఎన్నడూ అంతసేపు మాట్లాడలేదు. పత్తి మోళ్ళు పీకిన చేను, గేదెలు, టీకొట్టు, లారీ, ఇంకో చేను. ప్రత్తిపాడు వచ్చేదాకా చెబుతూనే ఉంది.

ఒత్తిడి తగ్గిందని డాక్టరమ్మ చెప్పాక జోడు పని మొదలుపెట్టారు. గౌస్ బాషా ఈసారి కుర్చీలో కూర్చుని చూశాడు, చెయ్యి పెట్టలేదు. కరీమున్ బల్ల తీసేసి నేల మీద గోనెసంచి పరిచింది. పున్నమ్మని కల్లంలో కూర్చున్నట్టే కూర్చోమని, ముందు గంపెడు కాయలు పోసింది. పుస్తకం చదివేవాళ్ళకి ఇచ్చే అద్దం పెడితే పున్నమ్మ కాయని ముక్కు దాకా తెచ్చుకుంది. కరీమున్ దారంతో ఆమె కంటి నుంచి ఒళ్ళోని కాయదాకా కొలిచి, ప్లస్ తగ్గించింది. మళ్ళీ తగ్గించింది. పున్నమ్మ మెడ వంచకుండా చేతులు ఒళ్ళోనే ఉంచి ఏరడం మొదలుపెట్టినప్పుడు ఆపింది.

"ఇది తాలు. ఇది కాదు. ఇది తాలు," అంటూ పున్నమ్మ గంప ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

అయినా మాట ఆగలేదు. ఎడమకన్ను పోయిన సంగతి ఊరంతా తెలిసింది. అంతకుముందు పోయిందని ఎవరూ చూడలేదు గనుక, కొట్టుకి వెళ్ళాకే పోయిందని లెక్క తేలింది. దేవకుమారి కాదని చెప్పబోయేది. చుక్కల సంగతి ఎత్తాల్సి వచ్చి ఆగిపోయేది. ఆ ఏడు ముఠాలోంచి ఇంకో ముగ్గురిని తానే గుంటూరు తీసుకెళ్ళింది, ఎందుకో ఎవరికీ చెప్పకుండా.

కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు ముందే చెప్పేవాళ్ళు: "అట్ట మాత్రం పెట్టమాకమ్మా." కరీమున్ సరేనని అట్ట సొరుగులో పెట్టేసింది. ఎవరి కన్ను వాళ్ళే ముంజేత్తో కప్పుకునేవాళ్ళు. ఆమె పక్కకి జరిగి, వేళ్ళ సందులోంచి చూడటం లేదని మాత్రం సరిచూసుకునేది. గౌస్ బాషాకి మోకాళ్ళు పట్టేశాక కొట్టు ఆమె చేతికే వచ్చింది. నల్లనాలుక అన్న మాట ఆమె చెవిన కూడా పడేది. తల వంచుకుని అద్దం తుడుచుకునేది.

పున్నమ్మ కుడికన్ను పోలేదు. రెండువేల ఎనిమిదిలో కూడా ఆమె ఆ కల్లంలోనే తాలు ఏరుతోంది.